వణికే స్టీరింగుకు తిరుగులేని వైద్యం

బండి తొంభై దాటగానే స్టీరింగు చేతుల్లో గజగజలాడుతోందా? కంగారుపడి మెకానిక్ దగ్గరికి పరుగెత్తకండి. ముందు ఇది చదవండి. ఇరవై రెండేళ్లుగా కారు నడుపుతున్నవాణ్ణి. ఇన్నేళ్లలో బండితోపాటు ఇచ్చిన పుస్తకానికి ఉన్న ప్లాస్టిక్ కవరైనా చింపలేదు. అందులో ఏముంటుందో చదవకుండానే చెప్పగలను.

ఈ చిట్కాలన్నీ నేను స్వయంగా పరీక్షించినవే. దసరాకు మొదలుపెట్టి సంక్రాంతికి, హైదరాబాదు నుంచి నందిగామ పక్కనున్న మా అత్తవారి ఊరికి పోతూ, 65వ నంబరు జాతీయ రహదారి మీద పూర్తిచేశాను. ముందు సీట్లో మా ఆవిడ. వెనక, కార్తీకంలో వచ్చి మా ఇంట్లోనే ఉన్న మా అత్తగారు. ఆవిడ పక్కన ఇంటర్ ఎంపీసీ చదువుతున్న మా అబ్బాయి. నా పరిశోధనకు ముగ్గురూ ముమ్మూర్తులా అడ్డంకులే.

మొదటి చిట్కా: రిమ్ములు తళతళలాడాలి

ఏ వైద్యానికైనా ముందు శుభ్రత. దసరాకు ఆయుధపూజ రోజున కారును నేనే కడిగాను. పైపైన నాలుగు చెంబుల నీళ్లు కుమ్మరించి పసుపూ కుంకుమా పెట్టేస్తే అమ్మవారు మెచ్చదు. చక్రాల సందుల్లోకి చెయ్యి పోనివ్వాలి. అల్లాయ్ రిమ్ము లోపలి వైపున బూడిదరంగు బిళ్లలు అంటుకుని ఉంటాయి. వాటి మీద 5 అనో 10 అనో అంకె వేసి ఉంటుంది. ధర చీటీలు తీయడం మరిచిపోయి ఉంటారు. స్క్రూడ్రైవరు మొనతో ఒక్క పోటు పొడిస్తే ఊడి చేతిలో పడతాయి.

ముందు రెండు చక్రాలవీ పీకేసరికి నాకు నడుం పట్టేసింది. వెనకవాటిని వదిలేశాను. ఊడిన బిళ్లల్ని మా అబ్బాయి కంపాసు పెట్టెలో వేసుకున్నాడు. చెత్త పోగెయ్యడం వాడికి చిన్నప్పటి నుంచీ అలవాటు.

అలా ముస్తాబైన బండి, దసరా వెళ్లిన వారానికే ఔటర్ రింగు రోడ్డు మీద వణకడం మొదలుపెట్టింది. దిష్టి. అంతలా మెరిస్తే తగలదూ? నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించాను. నిమ్మకాయలు చితికాయి. వణుకు చితకలేదు.

రెండో చిట్కా: అడిగిన పనే చేయించుకోండి, చెప్పింది వినకండి

టైర్ల షాపు బోర్డు మీద అలైన్‌మెంటు, బ్యాలెన్సింగు అని రెండు మాటలుంటాయి. ఒకే బోర్డు మీద, ఒకే రంగులో రాశారు కాబట్టి రెండూ ఒకటేనని గ్రహించాలి. నేను వెళ్లి అలైన్‌మెంటు చెయ్యమన్నాను.

అక్కడి కుర్రాడికి చాదస్తం ఎక్కువ. "సార్, అలైన్‌మెంటంటే చక్రాలు ఏ కోణంల నిలబడ్డయో చూసుడు. అది తప్పితే బండి ఒక దిక్కుకు గుంజుతది, టైరు ఒక అంచుకే అరుగుతది. మీ బండి గుంజుతలేదు కదా, వణుకుతున్నది. చక్రం చుట్టూ బరువు సమంగ లేకుంటేనే అట్లయితది. చక్రాలు ఊడదీసి మిషను మీద తిప్పి చూద్దాం" అన్నాడు.

బాగున్న చక్రాన్ని ఊడదీస్తానన్నవాడిని ఎక్కడైనా నమ్ముతామా? అలైన్‌మెంటే చెయ్యమన్నాను. వారం తర్వాత ఇంకో షాపులో మళ్లీ చేయించాను. ధనుర్మాసం పెట్టగానే మూడోసారి. ఇప్పుడు మా బండి చెయ్యి వదిలేసినా దారం పట్టి గీసినట్టు తిన్నగా పోతుంది. తిన్నగా వణుకుతూ పోతుంది.

మూడో చిట్కా: ఎప్పుడు వణుకుతోందో లెక్కపెట్టకండి

ఇది ముఖ్యం. వణుకు ఎప్పుడు మొదలవుతోంది, ఎప్పుడు తగ్గుతోంది, బ్రేకు తొక్కినప్పుడా, తొక్కనప్పుడా అని గమనించడం మొదలుపెడితే జబ్బు పేరు బయటపడిపోతుంది. అప్పుడిక మందు మింగక తప్పదు.

హయత్‌నగర్ దాటాక మా ఆవిడ స్పీడోమీటరు వైపు మెడ సాచి కూర్చుంది. "ఏమండీ, ఎనభై దాకా ఏమీ లేదు. ఎనభై అయిదుకు మొదలైంది. తొంభై అయిదుకు మరీ ఎక్కువైంది. ఇందాక మీరు నూట పదికి పోయినప్పుడు తగ్గింది" అంది.

పంతంగి టోల్ దగ్గర పండగ రద్దీలో అరగంట నిలబడిపోయాం. ఇంజను నడుస్తూనే ఉంది. స్టీరింగు మాత్రం కాశీ యాత్ర చేసొచ్చినంత ప్రశాంతంగా ఉంది. "ఇంజను మౌంటింగులు పోతే నిలబడ్డప్పుడు కూడా ఊగాలి నాన్నా. వేగాన్ని బట్టి వస్తోందంటే చక్రాల దగ్గరే ఉంది" అన్నాడు మా అబ్బాయి. నేను వేరే సంగతి కనిపెట్టాను. టోల్ గేట్లు ఎక్కువుంటే వణుకు తక్కువుంటుంది.

నూట పదికి తగ్గుతుందన్నారు కాబట్టి నూట పదికే పోదామన్నాను. మా అబ్బాయి చట్టం తీశాడు. నాలుగు లైన్ల రోడ్డు మీద కారుకు 100 పరిమితి, ఔటర్ మీదైతే 120 అన్నాడు. పైగా తగ్గినట్టుండేదంతా భ్రమేనట. ఉయ్యాలను దాని ఊపుకు సరిగ్గా సరిపోయేట్టు తోస్తే చిన్న చెయ్యి తగిలినా ఆకాశానికి ఎగురుతుంది. తోపు మరీ తొందరగా పడితే ఊపు అందుకోదు. స్టీరింగుకూ సస్పెన్షనుకూ అలాగే సొంత ఊపు ఒకటుంటుందట. తొంభై అయిదు దగ్గర చక్రం తోపు దానితో కలుస్తుందట. నూట పదిలో చక్రం తోస్తూనే ఉంటుంది, ఇంకా గట్టిగా తోస్తుంది, మన చేతికి తెలియదంతే. బేరింగులకూ బుష్షులకూ తెలుస్తుందన్నాడు.

మనకు తెలియకపోవడమే కదా కావలసింది!

నాలుగో చిట్కా: చేతికి తెలియకుండా చూసుకోండి

స్టీరింగుకు మెత్తటి కవరు తొడగండి. ఒకటి చాలకపోతే రెండు. పాటల సౌండు పెంచండి. స్టీరింగును బిగించి పట్టుకుంటే వణుకు భుజాల్లోకి పోతుంది, స్టీరింగుది కాక మీదవుతుంది. చిట్యాల చేరేసరికి నా బుగ్గలు కూడా తాళం వేస్తున్నాయి. ఇంతకు మించి ఇంకే కారు ఆడించగలదు చెప్పండి?

ఐదో చిట్కా: ఇరవై గ్రాములను లెక్కచెయ్యకండి

నార్కట్‌పల్లి దాటాక మా అత్తగారు నోరు విప్పారు. "అల్లుడుగారూ, మొన్న మీ వాషింగ్ మిషన్లో తడి దుప్పటి ఒక పక్కకి చేరి, మిషను వంటింట్లోకి నడిచొచ్చేసింది చూడండీ, ఇది అచ్చం అలాగే ఉంది బాబూ. మెల్లగా తిరిగినంతసేపూ బాగానే ఉంటుంది. పిండటం మొదలెట్టాకే చిందులు."

పెద్దవాళ్ల మాటను నవ్వి వదిలెయ్యాలి. కానీ మా అబ్బాయి పట్టుకున్నాడు. నోట్సు వెనక అట్ట మీద లెక్క వేశాడు. మన టైరు ఒక్క చుట్టు తిరిగితే బండి రెండు మీటర్లకు కాస్త తక్కువ దూరం పోతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు 14 చుట్లు తిరుగుతుంది. "చక్రంలో ఒక పక్క ఇరవై గ్రాములు తక్కువయ్యాయనుకుందాం నాన్నా" అన్నాడు. ఇరవయ్యే ఎందుకనుకోవాలో మాత్రం చెప్పలేదు. "నడిమధ్య నుంచి పదహారు సెంటీమీటర్ల దూరంలో అనుకో. అప్పుడు చక్రాన్ని దాదాపు రెండున్నర కిలోల బరువు పక్కకు లాగినట్టవుతుంది. సెకనుకు 14 సార్లు, ప్రతిసారీ చుట్టూ అన్ని దిక్కులకూ. యాభైలో పోతే వేగం సగం, లాగుడు మాత్రం నాలుగో వంతే. అందుకే ఊళ్లో నడిపినప్పుడు తెలియడం లేదు."

ఇరవై గ్రాములు రెండున్నర కిలోలవుతాయట! అదే నిజమైతే బంగారం కొట్లవాళ్లందరూ తక్కెడ మానేసి చక్రం తిప్పేవాళ్లు. "ఎప్‌సెట్‌లో అడిగితే అక్కడ చెబుదువుగానిలే" అన్నాను.

ఆరో చిట్కా: వణుకును బదిలీ చెయ్యండి

ఇది నా సొంత ఆవిష్కరణ. సూర్యాపేటలో టిఫిన్లు అయ్యాక, హోటలు పక్కనున్న పంక్చర్ షాపులో ముందు చక్రాలు రెండూ వెనక్కి, వెనకవి రెండూ ముందుకి వేయించాను. నట్లు బిగించేటప్పుడు ఒకటి విడిచి ఒకటి, ఎదురెదురుగా బిగించాలని, కొంత దూరం పోయాక ఆగి మళ్లీ ఒకసారి చూసుకోవాలని షాపు పెద్దాయన చెప్పాడు. వరసలో బిగిస్తే చక్రం ఒంకరగా కూర్చుంటుందట, అదొక్కటి చాలట వణకడానికి. ఆయన చెప్పినట్టే చేశాడు. నేనైతే వరసలోనే బిగించేవాణ్ణి, చుట్టూ తిరిగే పని ఉండదు.

మళ్లీ రోడ్డెక్కాం. ఎనభై, తొంభై, తొంభై అయిదు. స్టీరింగు రాయిలా నిలబడింది! చూశారా అన్నట్టు మా ఆవిడ వైపు తిరిగాను.

"అ-అ-అల్లుడుగారూ" అని వెనక నుంచి మా అత్తగారి గొంతు మజ్జిగ చిలికినట్టు వచ్చింది. "ఇ-ఇ-ఇప్పుడు నా సీ-సీటు ఊ-ఊగుతోంది బాబూ."

మా అబ్బాయి ఎగిరి గంతేశాడు. "అయితే చక్రాల్లోనే ఉంది నాన్నా! ముందు చక్రాల్లో తేడా ఉంటే స్టీరింగు వణుకుతుంది, వెనక చక్రాల్లో ఉంటే సీటూ నేలా వణుకుతాయి. చక్రాలతోపాటు వణుకు కూడా వెనక్కి పోయిందంటే టైరాడ్డూ కాదు, బాల్ జాయింటూ కాదు, బుష్షులూ కాదు. అవన్నీ ముందే ఉన్నాయిగా!"

నా దృష్టిలో జబ్బు నయమైంది. స్టీరింగు వణకడం లేదు. మిగిలింది అత్తగారి ఆరోగ్య సమస్య.

ఏడో చిట్కా: టైరుకు పొట్ట వస్తే లోపలికి తిప్పండి

కోదాడలో టీకి ఆగితే మా తోడల్లుడు కలిశాడు. ఆయనా పండక్కే వస్తున్నాడు. సెకండ్ హ్యాండులో కొన్న బండి, అదీ వణుకుతోందట, అయితే అన్ని వేగాల్లోనూ ధబధబమంటోందట. చూస్తే ముందు టైరు పక్క గోడకు నిమ్మకాయంత బొబ్బ. గోతిలో పడ్డ దెబ్బకు టైరు లోపలి దారాలు తెగిపోయి, అక్కడ గాలిని ఒక్క రబ్బరే ఆపుతోందని, ఏ క్షణాన్నయినా పేలుతుందని మా అబ్బాయి గోల. నేను శాంతంగా పరిష్కారం చెప్పాను. టైరు ఊడదీసి ఆ బొబ్బ లోపలి వైపుకు వచ్చేట్టు తిప్పి వేయించుకో, కనపడదు, కనపడని బొబ్బ బాధపెట్టదు.

మా అత్తగారు స్టెప్నీ తియ్యమన్నారు. స్టెప్నీ నిజంగా చూడముచ్చటగా ఉంది, పువ్వు అరగలేదు. దాని పక్కన చివరి నాలుగంకెలు 2311. కూడితే ఏడు, కేతువు అంకె, ప్రయాణానికి మంచిదన్నాను. మా అబ్బాయి ఆ అంకెలను విరిచి చదివాడు. 2011లో 23వ వారంలో తయారైంది. రబ్బరు వాడినా వాడకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ బిరుసెక్కి పగుళ్లిస్తుంది, పువ్వు చూసి మోసపోకూడదన్నాడు. తోడల్లుడు అక్కడే రెండు కొత్త టైర్లు కొనేశాడు. డబ్బున్న మారాజులకు చిట్కాలెందుకు?

ఎనిమిదో చిట్కా: బ్రేకు తొక్కితే వణుకుతుందా? తొక్కకండి

కొన్ని బండ్లు మామూలుగా బుద్ధిగానే పోతాయి, వేగంలో బ్రేకు తొక్కితేనే స్టీరింగు ఊపుతాయి. అది వేరే జబ్బు. బ్రేకు డిస్కు మందం చుట్టూ ఒకేలా లేకపోతే, ప్యాడ్లు పట్టుకున్న ప్రతిసారీ ఒక చోట గట్టిగా, ఒక చోట వదులుగా పడుతుందట. డిస్కును లేత్ మీద పట్టించాలి, మందం చాలకపోతే మార్చాలి అంటారు. నా సలహా తేలిక. ముందు బండికి అంగుళం దూరంలో పోతూ, హారను మీదే ఆధారపడండి. హారను వణకదు.

తొమ్మిదో చిట్కా: చిల్లర చిట్కాలు

పొలం గట్టు వెంట పోయొచ్చాక రిమ్ము లోపల ఎండిన బురదను కడగకండి. ఒక పక్క గడ్డకట్టిన బురద కూడా బరువే, పుణ్యక్షేత్రం మట్టిలా భద్రపరచండి.

టైరు పంక్చరైతే ద్రవం పోసుకుని ఊరుకోండి. లోపల అది ఒక చోట చేరి తన పని తాను చేసుకుంటుంది.

డ్రైవరు తలుపు పక్క చట్రం మీద గాలి ఎంత పట్టించాలో రాసిన స్టిక్కరు మీద మీ అబ్బాయి బొమ్మ అంటించండి.

బయట అల్లాయ్ చక్రాలు కొంటే నడిమి రంధ్రం హబ్బుకు సరిగ్గా సరిపోయిందా అని అడగకండి. వదులుగా ఉన్నా నట్లు పట్టుకుంటాయిగా! చక్రం అణుమాత్రం పక్కకు కూర్చుంటే ఏమవుతుంది? వణుకుతుంది, అంతే.

ఎక్సలేటరు నొక్కినప్పుడే ఊగుతూ, వదిలితే ఆగిపోతుంటే డ్రైవ్ షాఫ్టు జాయింటు చూపించమంటారు. వదిలేస్తే ఆగుతోందిగా, వదిలెయ్యండి.

బండిని జాకీ మీద లేపి చక్రాన్ని పట్టుకుని ఊపకండి. కుడి ఎడమలకు ఊపితే ఆడేది టైరాడ్డు కావచ్చు, పైకీ కిందకీ ఊపితే ఆడేది బేరింగో బాల్ జాయింటో కావచ్చు. ఆడినదాన్ని చూశాక రాత్రి నిద్ర పట్టదు.

చివరి చిట్కా: మెకానిక్ దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లకండి

చిల్లకల్లు టోల్ దాటాక మా అత్తగారు సమ్మె ప్రకటించారు. నందిగామలో టైర్ల షాపు కనిపిస్తే ఆపకపోతే అక్కణ్ణుంచి ఆటోలో వెళ్తానన్నారు. పండగపూట అల్లుడి కారు దిగి అత్తగారు ఆటో ఎక్కితే ఊళ్లో తలెత్తుకోలేను. ఆపాను.

షాపు కుర్రాడు వెనక చక్రాలు రెండూ ఊడదీశాడు. ఒకదాన్ని మిషనుకు తగిలించి తిప్పాడు. గిర్రున తిరిగి ఆగేసరికి తెర మీద 20 అని పడింది. రెండోదీ అంతే. కుర్రాడు రిమ్ము లోపల వేలుపెట్టి తడిమాడు. "ఇక్కడ జిగురు మరక ఉంది సార్. బరువులుండేవి. ఎవరో పీకేశారు" అన్నాడు.

"ఎవడా పనికిమాలినవాడు?" అన్నాను.

ఎవరూ మాట్లాడలేదు. మా అబ్బాయి బ్యాగు తెరిచి, కంపాసు పెట్టె తీసి, నాలుగు బూడిదరంగు బిళ్లలు కుర్రాడి చేతిలో పోశాడు. "ఇవేనా అన్నా?"

కుర్రాడు బిళ్లల్ని చూశాడు, నన్ను చూశాడు. పాతవాటికి జిగురు పోయిందని పారేసి, కొత్తవి అంటించి, మళ్లీ తిప్పాడు. ఈసారి తెర మీద రెండు చక్రాలకూ సున్నా. దీనికి నేనిచ్చింది, మూడు అలైన్‌మెంట్లకు ఇచ్చినదానిలో సగం కూడా లేదు. ఇంత చవకైన వైద్యం మీద నాకు గురి కుదరదు.

ఊరు చేరేదాకా తొంభై అయిదులో పోయాను. స్టీరింగు కదల్లేదు, సీటు కదల్లేదు, మా అత్తగారు హాయిగా కునుకు తీశారు. చేతుల్లో ఏదో వెలితి.

కనుమ నాడు ఊళ్లో అందరూ ఎడ్లను కడిగి కొమ్ములకు రంగులు పూస్తుంటే, నేను కారు కడగడానికి కూర్చున్నాను. పశువులకు చేసే మర్యాద బండికి చెయ్యవద్దా? చక్రాల సందుల్లోకి చెయ్యి పోనిచ్చాను. వెనక రిమ్ముల్లో మళ్లీ అవే బూడిదరంగు బిళ్లలు, ఈసారి మరీ కొత్తగా, మరీ అసహ్యంగా.

స్క్రూడ్రైవరు కోసం ఇల్లంతా వెతికాను. లేదు. పక్కింటికి వెళ్లాను. లేదన్నారు. ఎదురింట్లో అడిగాను, వీధి చివర కరెంటు పని చేసే అతన్ని అడిగాను, రైస్ మిల్లు దాకా వెళ్లి అడిగాను. ఊరు ఊరంతా ఒకటే మాట, లేదండీ అని. మా అత్తగారు భోగి నాడే ఇంటింటికీ కబురు పెట్టారట.